మచ్చలేని ఆకు

ఫిబ్రవరి 4

ఒరేయ్ నత్తా,

ఆశీస్సులు. ఫోను చేస్తే నువ్వు "ఊ" అంటావు, మళ్ళీ "ఊ" అంటావు, "ఉంటానత్తా" అని పెట్టేస్తావు. గోడతో మాట్లాడినా కాస్త సున్నమైనా రాలుతుంది. అందుకే ఉత్తరం. ఉత్తరానికి "ఊ" అని జవాబివ్వడం కుదరదు. కనీసం చిరునామా అయినా రాయాలి కదా.

నర్సరీలో మూడు రోజులుగా ఏరివేత. గాజు షెడ్డులో రెండు వేల నాలుగు వందల టమాటా మొక్కలున్నాయి, అన్నీ మీ నాన్న విత్తనానివే. ఒక్కో ట్రే ముందు కూర్చుని, ఏ ఆకు మీద చీమ తలకాయంత గోధుమరంగు చుక్క కనిపించినా ఆ మొక్కను వేళ్ళతో సహా పీకేశాను. నాలుగు వందల ముప్ఫై తేలాయి. ఇప్పుడు చూడాలిరా షెడ్డు! భూతద్దం పెట్టి వెతికినా మచ్చ కనిపించదు. మీ నాన్న నాకు అన్నయ్యే కావచ్చు, కానీ ఉన్నమాట అనుకోవాలి, ఆయనకి బద్ధకం. మచ్చల మొక్క చూపిస్తే "ఉండనీవే, దాని పని అది చేసుకుంటోంది" అని కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. ఏటా ఏరి ఏరి, పచ్చగా ఉన్నవాటి కాయలే విత్తనానికి ఉంచి, ఆ బద్ధకమంతా నేను కడిగేశాను.

నీళ్ళు పట్టే గొణుగుడాయన్ని మానిపించేశాను. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి "పై కిటికీలు తెరవండమ్మా, లోపల చెమ్మ ఎక్కువైంది" అని గొణుగుడు. మొక్కలు పీకుతుంటే "తప్పమ్మా, పెద్దయ్య ఉంటే పీకనిచ్చేవాడు కాదు" అని ఇంకో గొణుగుడు. ఒళ్ళు మండి "నచ్చకపోతే ఇంటి దగ్గర కూర్చో" అన్నాను. చెత్తబండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినవాడు బంగారం. ఏమన్నా "మీరు చెప్పిందే నిజమమ్మా" అంటాడు.

నిన్నూ అలాగే పెంచాను. ఎదురు మాట్లాడబోతే తొడపాశం పెట్టేదాన్ని, గుర్తుందా? ఇవాళ చూడు, నలుగురిలో మచ్చలేని మనిషివయ్యావు.

అసలు విషయం. పోయినేడు ఆకుల పైన పసుపు మరకలు, అడుగున మఖమల్ గుడ్డలాంటి బూజు వచ్చి సగం షెడ్డు పోయింది. నువ్వు జీతం తీసుకుని చూసేది ఆ బూజునే అని విన్నాను. ఈసారి రాకుండా ఏం చెయ్యాలో రాయి.

నీ మేనత్త

ఫిబ్రవరి 17

అత్తకి నమస్కారాలు.

ఇక్కడ క్షేమం. నన్ను పిలిచే పేరు కవరు మీద రాయనందుకు కృతజ్ఞతలు. మా ఆఫీసులో ఉత్తరాలు అందరూ తిరగేశాకే నాకు అందుతాయి. నా గదికి కిటికీ లేదు. గోడ అవతల విత్తనాలు దాచే చలిగది మోటారు రోజంతా మోగుతూ ఉంటుంది. నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బందిగా ఉందా అని ఎవరూ అడగలేదు కూడా.

బూజు సంగతి. అది తలుపు బద్దలుకొట్టి రాదు. ఆకు అడుగున ఊపిరి తీసుకునే సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి చుట్టంలా లోపలికొచ్చి కణాల మధ్య సందుల్లో కాపురం పెడుతుంది. మొక్క మొద్దేం కాదు. బూజు ఒంటి మీది పొట్టు కాస్త రాలినా "ఇంట్లో ఎవరో దూరారు" అని పసిగట్టి గోల చేస్తుంది, విషరసాలు వదులుతుంది. అందుకని బూజు కొన్ని ప్రొటీన్లను తయారుచేసి బయటికి పంపుతుంది. వాటిలో ఒకటి, రాలిన పొట్టును మొక్క కంట పడకముందే ఏరేస్తుంది. ఇంకొకటి బూజుకి కోటులా పట్టి ఆ రసాలు తగలనివ్వదు. మరొకటి మొక్క ఆయుధాలకే చిక్కం వేస్తుంది. దాంతో మొక్కకి అంతా సుఖంగానే ఉన్నట్టుంటుంది. పది పన్నెండు రోజులు నవనవలాడుతుంది. లోపల మాత్రం తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పని సాగుతూ ఉంటుంది.

కొన్ని మొక్కల్లో ఆ ప్రొటీన్లను గుర్తుపట్టే కాపలా ఉంటుంది. అలాంటి మొక్క దొంగచెయ్యి తగలగానే బూజు చుట్టూ ఉన్న తన కణాలను తానే చంపేసుకుంటుంది. తిండి దొరక్క బూజు అక్కడికక్కడే చస్తుంది. అలా కణాలు చచ్చిన చోట, అత్తా, నువ్వు కూర్చునే చదువుతున్నావు కదా, చీమ తలకాయంత గోధుమరంగు చుక్క పడుతుంది.

ఇది మొదటి వరుసలోనే రాయాల్సింది. ధైర్యం చాలలేదు. నువ్వు పీకేసినవి నెగ్గిన మొక్కలు. ఉంచినవాటిలో చాలావరకు మోసపోయినవి. పై కిటికీలు వెంటనే తెరిపించు.

ఒక మంచి వార్త. నాన్న రాత ఉన్న పాత కవరొకటి నా పెట్టెలో ఉంది. ముప్ఫై గింజలు నాటితే నాలుగు మొలిచాయి. వాటి మీద బూజు చల్లాను. రెండు రోజుల్లో చుక్కలు పడ్డాయి, బూజు చచ్చింది. ఆ కాపలా ఏ ప్రొటీనును పట్టుకుంటోందో కూడా తేలింది. డైరెక్టరుగారు స్వయంగా నా గదికొచ్చి భుజం తట్టి "నువ్వు నా కొడుకులాంటివాడివి" అన్నారు. ఆయన ఇటువైపు రావడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ముందు చలిగదిలోకి వెళ్ళి వెతికారట.

నీ మేనల్లుడు

ఫిబ్రవరి 26

ఒరేయ్ నత్తా,

ఇంత సంగతి చెప్పడానికి పదమూడు రోజులా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే చెత్తకుప్ప దగ్గరికి పరుగెత్తాను. ఒక్క మొక్క లేదు. మేకలు తినేసుంటాయి.

ఆ పూట అన్నం సయించలేదు. మీ నాన్న బద్ధకమనుకున్నది బద్ధకం కాదన్నమాట. "దాని పని అది చేసుకుంటోంది" అన్న మాటను పదకొండేళ్ళుగా నవ్వుతూ పదిమందికీ చెప్పాను. ఇప్పుడెవరికీ చెప్పలేను.

సరే, ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రొటీన్లు తినమని డాక్టరు నన్ను ఏడాదిగా పోరుతున్నాడు. ఇకమీదట తినను. తియ్యగా మాట్లాడేవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వను. నిన్న ఒక పెద్దమనిషి వచ్చి "మీ మొక్కలు ఎంత బాగున్నాయండీ" అన్నాడు. వెంటనే గేటు చూపించాను. పాపం, రెండు వందల మొక్కలు కొనడానికి వచ్చాడట.

ఇప్పుడు నీ డైరెక్టరు. ఆరేళ్ళు నీ గదెక్కడో తెలియని మనిషికి ఉన్నట్టుండి నువ్వు కొడుకువెలా అయ్యావు? కొడుకైతే కిటికీ ఉన్న గది ఇమ్మను, చూద్దాం. ఆయన ఏ రంధ్రంలోంచి వస్తున్నాడో కనిపెట్టుకుని ఉండు. మీ నాన్న విత్తనం ఇక నీ నాలుగు కుండీల్లోనూ, నా రేకు డబ్బాలోనూ ఉంది. డబ్బాలో ఆయన చివరి ఏడాది పొట్లం భద్రంగానే ఉంది. కొన ప్రాణం అక్కడుంది, మర్చిపోకు.

నీ మేనత్త

మార్చి 12

అత్తకి నమస్కారాలు.

నువ్వు పొరబడ్డావు. నాకు కిటికీ ఉన్న గది ఇచ్చారు! నేను అడగనేలేదు. తలుపు మీద నా పేరు పలక కూడా పెట్టారు. ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయించమని అడిగితే బాగుండదని ఊరుకున్నాను. కిటికీలోంచి వీధి, మలుపులో సైకిలు బాగుచేసే కొట్టు కనిపిస్తాయి. మధ్యాహ్నం బల్ల మీద ఎండ పడుతుంది. నాకు ఎండ ఇంత ఇష్టమని ఇన్నాళ్ళూ తెలియదు.

డైరెక్టరుగారు మంచివారత్తా. వారం వారం మీటింగులో నన్ను పొగుడుతున్నారు. ఆ పొగడ్త అయ్యేసరికి టైమైపోతోంది, నేను చెప్పాల్సింది మిగిలిపోతోంది. ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే మైక్రోస్కోపు అక్క మాత్రం "నువ్వు ఫలితాలు రాసుకున్న పుస్తకం ఎవరి బీరువాలో ఉందో చూసుకున్నావా?" అని మీటింగులోనే అడిగింది. ఆవిడకి అలా అడగడం అలవాటు. మర్నాడు ఆవిడని వెనక బిల్డింగుకి మార్చారు, గాలి బాగుంటుందని.

ఒక చిన్న లాంఛనం ఉంది. ఈ రకం విత్తనం మా సంస్థ విత్తనాల గదిలోదేనని నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. అలా అయితేనే కొత్త రకంగా నమోదు చెయ్యడం సులువట. నాన్న కవరు సంగతి రాస్తే చిక్కులొస్తాయట. డైరెక్టరుగారు నీకు కూడా ఉత్తరం రాస్తానన్నారు. మర్యాదగా జవాబివ్వు, గేటు చూపించకు.

నీ మేనల్లుడు

మార్చి 20

నాయనా,

ఈసారి నత్త అననులే. మీ డైరెక్టరుగారి ఉత్తరం వచ్చింది. ఎంత మర్యాదరా! కవరు తెరవగానే సువాసన. "మాతృసమానురాలైన మీకు" అని మొదలుపెట్టారు. మా అమ్మ కూడా నన్ను ఇంత బాగా పలకరించలేదు. దాంతోపాటు అద్దం కట్టించిన ప్రశంసాపత్రం, "ఆదర్శ నర్సరీ" అని బంగారు రంగు అక్షరాల్లో. పై కిటికీలు తెరిచే మీట పక్కన మేకు ఉంటే అక్కడే తగిలించాను. మీట తిప్పితే అద్దానికి తగులుతోందని ఇప్పుడు కిటికీలు తెరవడం లేదు.

నీ కోరిక కూడా తీర్చాను. డబ్బా మా ఇంట్లో ఉంటే ఎలుకలు, చెమ్మ అని నువ్వు దిగులు పడుతున్నావట కదా, ఆయన రాశారు. "మీ మేనల్లుడు మీతో చెప్పడానికి మొహమాటపడుతున్నాడు, విత్తనమంతా మా చలిగదిలో భద్రపరచమన్నాడు" అని. నీ మొహమాటం నాకు తెలియనిదా! మర్నాడే డబ్బాకి గుడ్డ చుట్టి, కుట్టి, మీ ఆఫీసుకి పార్సిలు చేశాను. చివరి పొట్లంతో సహా.

ఆకుల మీద అక్కడక్కడ పసుపు కనిపిస్తోంది. కొత్తవాణ్ణి అడిగితే "ఎండ పొడ అమ్మా" అన్నాడు. ఆదర్శ నర్సరీలో బూజెందుకు వస్తుంది?

ఆశీస్సులతో,
మాతృసమానురాలైన మేనత్త

మార్చి 29

అత్తా,

నేను ఏమీ కోరలేదు. డబ్బా సంగతి ఆయనతో ఒక్క మాట కూడా అనలేదు. నీ ఉత్తరం అందకముందే ఆయన నా బల్ల దగ్గరికొచ్చి "మీ అత్తగారు మనస్ఫూర్తిగా విత్తనమంతా సంస్థకే ఇచ్చేశారు, ఇక నీ సంతకానికి అడ్డేముంది?" అన్నారు. నువ్వే ఇచ్చావంటే ఇక నేనెవర్ని కాదనడానికి అనుకున్నాను. "ఊ" అన్నాను.

కొన్ని బూజులు ఇంకో రకం ప్రొటీను పంపుతాయి. ఒక కణం పక్క కణానికి పంపే హెచ్చరిక చేరకుండా అది మధ్యలోనే ఆపేస్తుంది. దాని మీద పోయినేడు ఇరవై పేజీలు రాసినవాణ్ణి నేను. గురివింద తన నలుపెరగదన్నట్టు, నాకు జరుగుతుంటే కనిపించలేదు.

కాగితం బల్ల మీద ఉంది. ఏప్రిల్ 8న బయటి నుంచి వచ్చే పెద్దల ముందు సంతకం పెట్టించాలని ఏర్పాట్లు చేస్తున్నారు. పెడితే నాన్న టమాటా డైరెక్టరుగారి పేరు మీద కొత్త రకమవుతుంది. ఆ తర్వాత దాన్ని పెంచి అమ్మాలన్నా మనం ఆయన అనుమతి అడగాలి. పెట్టకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. నవ్వి, పెన్ను కాగితం మీద పెట్టి వెళ్ళారు.

అబద్ధమెందుకు, నాకు భయంగా ఉంది. ఈ కిటికీ పోతుందని కూడా భయంగా ఉంది. సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని రోజుకి పదిసార్లు అనిపిస్తోంది. ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వేం చెబితే అదే చేస్తాను.

నీ మేనల్లుడు

ఏప్రిల్ 3

ఒరేయ్ కన్నా,

షెడ్డు పోయింది. పంతొమ్మిది వందల డెబ్భై మొక్కల్లో నలభై కూడా నిలవలేదు. ఆకు తిప్పితే చాలు, మఖమలే. కొత్తవాడు చివరిదాకా "మీరు చెప్పిందే నిజమమ్మా" అన్నాడు. అద్దం కట్టిన కాగితాన్ని తీసి మేకు కూడా పీకేశాను. కిటికీలన్నీ తెరిచాను. ఇప్పుడు ఖాళీ షెడ్డులో గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది.

సిగ్గు విడిచి గొణుగుడాయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడం నా వల్ల కాదు, నీకు తెలుసు. "నీళ్ళ పైపు ఎక్కడ పెట్టావు?" అని అడుగుతూ లోపలికి వెళ్ళాను. పెరట్లో అడుగు పెట్టి చూద్దును కదా. పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు, ఒక పాత స్నానాల తొట్టి, అన్నింట్లోనూ టమాటా మొక్కలే. కింది ఆకుల మీద గోధుమ చుక్కలు, పైన పూత. ఆ రోజు చెత్తబండిలో తోసుకెళ్ళింది ఇవేనట.

"ఇవెందుకు తెచ్చావు?" అన్నాను.

"పెద్దయ్య చుక్క పడ్డవాటి కాయలే విత్తనానికి ఉంచేవాడమ్మా. ఊరికే పారేస్తారా ఎవరైనా? ఇప్పుడు చూడండి, బట్టలారేసుకోడానికి కూడా చోటు లేదు. మా ఆవిడ రోజూ తిడుతోంది."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నానమ్మా. మీరు దాన్ని గొణుగుడన్నారు."

అక్కడే స్నానాల తొట్టి అంచు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన కంగారుపడి నీళ్ళిచ్చి, తొట్టి విరుగుతుంది లేవమన్నాడు.

మీ నాన్న విత్తనం బతికే ఉంది. తీసుకెళ్ళినవాటిలో అరవై మొక్కలు నిలిచాయి. కానీ నువ్వు ఆ కాగితం మీద సంతకం పెడితే ఇవి కూడా మీ డైరెక్టరు సొత్తయిపోతాయేమో, నాకు ఆ చట్టాలు తెలియవు.

ఏం చెయ్యమంటావని అడిగావు. చెప్పను. "నువ్వేం చెబితే అదే చేస్తాను" అన్న నీ మాట మళ్ళీ మళ్ళీ చదివాను. అది నేను నేర్పిన మాటే. చిన్నప్పుడు నువ్వు "ఎందుకు?" అన్న ప్రతిసారీ, "నేను రాను" అన్న ప్రతిసారీ, మచ్చ కనిపించిందని గిల్లేశాను. పచ్చగా ఉన్నావని మురిసిపోయాను. మొక్కలతో చేసిన తప్పే నీతోనూ చేశాను కన్నా. మొక్కలకైతే గొణుగుడాయన ఉన్నాడు.

సంతకం పెట్టినా నా మేనల్లుడివే. పెట్టకపోయినా నా మేనల్లుడివే. ఈసారి ఏం కనిపించినా నేను పీకను.

నీ అత్త

ఏప్రిల్ 10

అత్తా,

ఎనిమిదో తారీఖు సంగతి రాస్తున్నాను. కూర్చునే చదువు.

పెద్ద హాలు, బల్ల మీద పూలు, అయిదుగురు పెద్దలు. డైరెక్టరుగారు నన్ను కొడుకులాంటివాడని పరిచయం చేశారు. "ఈ విత్తనం మన సంస్థదే కదా బాబూ?" అని పెన్ను చేతికిచ్చారు. అలవాటు కొద్దీ "ఊ" అన్నాను. మైకు ముందున్నాను కాబట్టి ఆ "ఊ" హాలంతా వినిపించింది. నాకూ వినిపించింది. నా గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు, అసహ్యమేసింది.

పెన్ను కింద పెట్టి "కాదండీ" అన్నాను. తర్వాతేం చెప్పాలో తెలియక జేబులోంచి నీ ఫిబ్రవరి 4 ఉత్తరం తీసి మొత్తం చదివాను. "ఒరేయ్ నత్తా" దగ్గర్నుంచి. పెద్దలు గోడ, సున్నం మాట దగ్గర బాగా నవ్వారు. "అన్నీ మీ నాన్న విత్తనానివే" అన్న చోట నవ్వు ఆగింది. వాళ్ళలో ఒకావిడ కళ్ళజోడు సవరించుకుని ఆ ఉత్తరం తారీఖు చూపించమంది. చూసి, నేను సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మడిచి డైరెక్టరుగారి వైపు జరిపింది. ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు ఆపడం ఆయనకి తెలియదనుకుంటాను.

కిటికీ పోయింది. పొమ్మనలేక పొగబెట్టినట్టు నన్ను కింద, మొక్కల కుండీలు కడిగే గది పక్కకి మార్చారు. పేరు పలక మాత్రం అక్షరం తప్పుతో సహా నాతోనే పంపారు. భోజనాల గదిలో నేను కూర్చుంటే చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీ అయిపోతున్నాయి. నాలుగు కుండీలకీ ఎవరో వారం పాటు నీళ్ళు మానేశారు, ఎండిపోయాయి. డబ్బా అసలు అందనే లేదంటున్నారు.

ఇవాళ మధ్యాహ్నం వెనక బిల్డింగు నుంచి మైక్రోస్కోపు అక్క టీ పట్టుకొచ్చి, ఆ ఖాళీ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. అదేమిటోగానీ ఆకలి బాగా వేసింది అత్తా. రెండుసార్లు తిన్నాను. ఇక మన అరవై మొక్కలు జాగ్రత్త.

నీ నత్త

జూన్ 19

ఒరేయ్ కన్నా,

మొదటి కోత అయింది. గింజలు కడిగి ఆరబెట్టి పొట్లాలు కట్టాం. ఇందులో ఒకటి పంపుతున్నాను. పొట్లం మీద రాత గొణుగుడాయనది, తప్పులుంటే సర్దుకో. మళ్ళీ పనిలోకి వచ్చాడు. వచ్చిన పూటే కిటికీలు మరీ ఎక్కువ తెరిచానని గొణిగాడు. నేను నోరు మూసుకుని కొంచెం మూశాను.

మొన్న షెడ్డులో ఒక లేత ఆకు మీద చుక్క కనిపించింది. అలవాటుగా చెయ్యి వెళ్ళింది. పదకొండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! చెయ్యి వెనక్కి తీసుకుని, "ఉండనీవే" అని మీ నాన్న గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది.

ఆదివారం పొద్దున ఫోను చెయ్యి. నువ్వు మాట్లాడు. నేను "ఊ" అంటాను.

నీ అత్త